పారామెడికల్ ఉద్యోగానికి దరఖాస్తు: ముందుగానే సిద్ధపడండి



ఈ పుస్తకంలో మామూలుగా రక్తహీనత గురించి, చక్కెర జబ్బు గురించి, పిల్లల టీకాల గురించి చదువుతుంటారు. ఈసారి పాఠం జబ్బు గురించి కాదు. మా ఓ.పి.లో బి.పి. చూపించుకుంటూ తల్లులు అడిగే ఒక ప్రశ్న గురించి.

"సిస్టరమ్మా, మా అమ్మాయి డి.ఎం.ఎల్.టి. పాసయ్యింది. గవర్నమెంటులో పోస్టులు పడ్డాయంట. ఎవరిని పట్టుకోవాలి?"

అమ్మా, ఎవరినీ పట్టుకోనక్కరలేదు. కాగితాలను పట్టుకోవాలి. ఈ పాఠమంతా ఆ ఒక్క మాట గురించే.

కొన్నేళ్ల క్రితం మా ల్యాబులో శిక్షణ పొందిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. చక్కని చేతివాటం, మంచి మార్కులు. నోటిఫికేషన్ పడింది. గడువు వారం పైచిలుకు. ఇంట్లో అందరి ధ్యాసా పైరవీ మీదికి పోయింది. పోస్టు వేయిస్తానన్న ఒక మనిషికి తల్లి రెండు గేదెలు అమ్మి, చెవుల దిద్దులు తాకట్టు పెట్టి లక్ష రూపాయలు ఇచ్చింది. ఆ వారమంతా డబ్బు కోసం తిరిగారే గాని, అమ్మాయి పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయిందని ఎవరూ చూడలేదు. తాత్కాలిక జాబితా వచ్చింది. పేరు ఎదురుగా "రిజిస్ట్రేషన్ లేదు" అని రాసి తిరస్కరించారు. ఆమె కన్నా తక్కువ మార్కులున్నవారికి పోస్టు వచ్చింది. డబ్బు తీసుకున్న మనిషి ఫోను ఎత్తలేదు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. "మార్కులున్నాయి కదా, భయం లేదు" అని ఆశీర్వదించి పంపాను. "ఏదీ, కాగితాలు తెచ్చి చూపించు" అని అడగలేదు. ఆ బాధతోనే ఈ పాఠం రాస్తున్నాను.

1. పారామెడికల్ పోస్టులంటే ఏవి?

డాక్టరు కాక, చికిత్సలోను పరీక్షలలోను చేయి కలిపే పోస్టులన్నిటినీ మన జిల్లాలలో కలిపి పారామెడికల్ పోస్టులంటారు. ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, రేడియోగ్రాఫర్, ఆప్తాల్మిక్ అసిస్టెంటు, ఆపరేషన్ థియేటర్ అసిస్టెంటు, డయాలిసిస్ టెక్నీషియన్, ఎ.ఎన్.ఎం. లాంటివి. స్టాఫ్ నర్సు పోస్టులను కూడా చాలాసార్లు ఇదే నోటిఫికేషన్‌లో వేస్తారు.

ప్రతి పోస్టుకు ఒక చదువు, ఒక రిజిస్ట్రేషన్ ఉంటాయి. ల్యాబ్ టెక్నీషియన్‌కు డి.ఎం.ఎల్.టి. లేక బి.ఎస్సి. ఎం.ఎల్.టి., దానితో పాటు రాష్ట్ర పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ కావాలి. ఇంటర్ ఒకేషనల్‌లో ఎం.ఎల్.టి. చదివినవారికి ఆ పైన ఒక సంవత్సరం ఆసుపత్రి శిక్షణ కూడా కావాలి. ఫార్మసిస్టుకు ఫార్మసీ కౌన్సిల్, నర్సుకు, ఎ.ఎన్.ఎం.కు నర్సింగ్ కౌన్సిల్. ఊరి బస్టాండు దగ్గర బోర్డు కట్టి "ఆరు నెలల్లో ల్యాబ్ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ" అనేవారిని ఒక్క మాట అడగండి: "ఈ సర్టిఫికెట్టుతో పారామెడికల్ బోర్డులో రిజిస్టరు అవుతుందా?" కాదంటే ఆ కోర్సుకు కట్టే ఫీజు నీళ్లలో పోసినట్లే.

2. ఎవరు నియమిస్తారు?

ఉద్యోగం మూడు రకాలు. మొదటిది రెగ్యులర్. రెండవది కాంట్రాక్టు: ప్రభుత్వమే ఒప్పందం మీద, సాధారణంగా ఒక సంవత్సరానికి తీసుకొని పొడిగిస్తూ పోతుంది. మూడవది అవుట్‌సోర్సింగ్: పని ప్రభుత్వ ఆసుపత్రిలోనే, జీతం వేరే సంస్థ ద్వారా. మీరు వేస్తున్నది ఈ మూడింటిలో ఏదో నోటిఫికేషన్ మొదటి పేజీలోనే ఉంటుంది. కాంట్రాక్టు పోస్టును "తర్వాత పర్మినెంటు అవుతుంది" అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. అది నోటిఫికేషన్‌లో ఉంటేనే మాట.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి కాంట్రాక్టు పోస్టులను ఎక్కువగా జిల్లా స్థాయిలోనే భర్తీ చేస్తారు. కలెక్టరు అధ్యక్షులుగా ఉండే జిల్లా ఎంపిక కమిటీ దీనిని చూస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పోస్టులు డి.ఎం.హెచ్.ఓ. కార్యాలయం నుండి, బోధనాసుపత్రుల పోస్టులు ఆ ఆసుపత్రి లేక వైద్య కళాశాల నుండి పడతాయి. ఇవి పేపరులో చిన్న ప్రకటనగా వచ్చి పోతాయి. పూర్తి వివరం జిల్లా అధికారిక వెబ్‌సైటులో, రిక్రూట్‌మెంటు అన్న చోట పెడతారు. వారానికొకసారి అక్కడ చూడడం అలవాటు చేసుకోండి. గడువు చాలాసార్లు పది, పదిహేను రోజులకు మించదు.

తెలంగాణలో స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, ఎ.ఎన్.ఎం. రెగ్యులర్ పోస్టులను వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు రాష్ట్రమంతటికీ కలిపి వేస్తుంది. 2024 సెప్టెంబరులో ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడు 2, ఫార్మసిస్టు గ్రేడు 2, నర్సింగ్ ఆఫీసరు నోటిఫికేషన్లు వరుసగా వచ్చాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే.

108 అంబులెన్సులో పనిచేసే ఈ.ఎం.టి. గురించి కూడా చాలామంది యువకులు అడుగుతారు. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, నడిపేది ఒప్పందం పొందిన సంస్థ. కాబట్టి ఈ.ఎం.టి.ని నియమించేది కూడా ఆ సంస్థే. ఒప్పందం మారితే యాజమాన్యం మారుతుంది. మంచి సేవ, ప్రాణం కాపాడే సేవ. అయితే "108లో చేరితే గవర్నమెంటు ఉద్యోగం" అనుకొని చేరవద్దు.

3. మార్కులు ఎలా లెక్కిస్తారు?

ఇది అర్థమైతే పైరవీ ఎందుకు అక్కరలేదో అర్థమవుతుంది.

ఆంధ్రప్రదేశ్ జిల్లా నోటిఫికేషన్లలో ఇటీవలి సంవత్సరాలుగా ఉన్న లెక్క ఇది. మొత్తం 100 మార్కులు. రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు.

– 75 మార్కులు: మీ కోర్సులో అన్ని సంవత్సరాల మార్కులు కలిపి, దాని ప్రకారం.
– 10 మార్కులు: కోర్సు పాసైన తర్వాత నిండిన ఒక్కో సంవత్సరానికి 1 మార్కు, పదికి మించకుండా.
– 15 మార్కులు: ప్రభుత్వంలో కాంట్రాక్టు లేక అవుట్‌సోర్సింగ్ సేవకు. నిండిన ఆరు నెలలకు గిరిజన ప్రాంతమైతే 2.5, గ్రామమైతే 2, పట్టణమైతే 1.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక చెల్లెలికి డి.ఎం.ఎల్.టి.లో 1000కి 720 మార్కులు వచ్చాయి. 75లో ఆమెకు 54. పాసై ఆరు సంవత్సరాలు నిండింది, 6. ఒక గ్రామ పి.హెచ్.సి.లో రెండు సంవత్సరాలు కాంట్రాక్టు మీద పనిచేసింది. అంటే నాలుగు ఆరు నెలలు, 8. మొత్తం 68.

ఆమెతో పోటీ పడుతున్న తమ్ముడికి 1000కి 800 వచ్చాయి. 75లో 60. నిరుడే పాసయ్యాడు, 1. మొత్తం 61. చెల్లెలే ముందు.

ఇప్పుడు ఆ చెల్లెలు సేవా ధృవపత్రం జత చేయడం మరచిపోయిందనుకోండి. 8 మార్కులు పోయి 60 మిగిలాయి. 61 వచ్చిన తమ్ముడికి పోస్టు. రెండేళ్ల కష్టం ఒక్క కాగితం లేక పోయింది. ఆ కాగితం కూడా నోటిఫికేషన్‌తో ఇచ్చిన నమూనాలోనే, అధికారం ఉన్న అధికారి సంతకం, ముద్రతో ఉండాలి. తెల్లకాగితం మీద రాయించుకు వస్తే చెల్లదు.

తెలంగాణ బోర్డు పద్ధతి వేరు. రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రులలో చేసిన కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు 20 వరకు. అక్కడ పుస్తకం మళ్లీ తెరవాలి. డిప్లొమా పాఠాలనే అడుగుతారు. ల్యాబ్ వారు మలేరియా స్మియర్, కఫం పరీక్ష, రక్త గ్రూపులు, వ్యర్థాలను ఏ రంగు సంచిలో వేయాలన్నది, ఎ.ఎన్.ఎం.లు టీకాల పట్టిక, ప్రమాదకర గర్భం గుర్తులు మళ్లీ మళ్లీ చదవండి. రోజూ చేసే పనినే పుస్తకం మాటల్లో చెప్పగలగాలి.

ఒక నిజం దాచకుండా చెబుతాను. మాలాంటి మిషను ఆసుపత్రిలో పనిచేసిన ఏళ్లకు ఈ సేవా మార్కులు రావు. అవి ప్రభుత్వ సేవకు మాత్రమే. పాసైన ఏళ్లకు వచ్చే మార్కులు మాత్రం వస్తాయి. మా దగ్గర పనిచేస్తున్న పిల్లలు ఇది తెలిసి నిర్ణయించుకోవాలి. మేమే చెప్పకపోతే ఎవరు చెబుతారు?

4. ఇంట్లో ఒక ఫైలు

పదిమంది కన్యకల ఉపమానం మీకు తెలిసిందే. పెండ్లికుమారుడు వస్తున్నాడన్న కేక విన్నాక నూనె కోసం అంగడికి పరుగెత్తినవారికి తలుపు మూసుకుపోయింది. నోటిఫికేషన్ వచ్చాక తహశీల్దారు ఆఫీసుకు పరుగెత్తేవారి సంగతీ అంతే. ఈ రోజే ఒక ఫైలు కొని ఇవి పెట్టండి:

– పదవ తరగతి మార్కుల మెమో. పుట్టిన తేదీకి ఇదే ఆధారం.
– ఇంటర్ మెమో, కోర్సు పాస్ సర్టిఫికెట్టు, అన్ని సంవత్సరాల మార్కుల మెమోలు. ఒక్క సంవత్సరం మెమో లేకపోయినా 75 మార్కుల లెక్క నిలబడదు.
– బోర్డు లేక కౌన్సిల్ రిజిస్ట్రేషన్. దాని మీద గడువు తేదీ చూసి, ఎర్ర పెన్నుతో ఫైలు అట్ట మీద రాసుకోండి. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోక ముందు రిజిస్టరైనవారు, తమ పేరు ఇప్పుడు ఏ రాష్ట్రపు బోర్డులో ఉన్నదో తప్పక చూసుకోండి.
– స్టడీ సర్టిఫికెట్లు. మీరు ఏ జిల్లా, ఏ జోనుకు లోకలో తేల్చేది ఇవే. ఆంధ్రప్రదేశ్ నోటిఫికేషన్లలో 4 నుండి 10వ తరగతి వరకు అడుగుతూ వచ్చారు. తెలంగాణలో 2018 ఉత్తర్వు ప్రకారం 1 నుండి 7వ తరగతి వరకు చూస్తారు. 1 నుండి 10 వరకు అన్నీ తెచ్చి పెట్టుకుంటే ఏ బాధా లేదు. చదివిన బడి మూతపడి ఉంటే ముందుగా మండల విద్యాధికారిని కలవండి. దానికి రోజులు పడుతుంది.
– కుల ధృవపత్రం. బి.సి.లకు సంపన్న శ్రేణి కాదన్న పత్రం కూడా. రిజర్వేషను లేని కులాల పేదవారికి ఈ.డబ్ల్యు.ఎస్. పత్రం. ఈ చివరిది పాతబడితే చెల్లదు, ఏ సంవత్సరానిదా చూసుకోండి.
– దివ్యాంగులకు సదరం సర్టిఫికెట్టు.
– పనిచేసిన ప్రతి చోట నియామక పత్రం, సేవా ధృవపత్రం.

అన్నింటిలోనూ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు ఒకేలా ఉన్నాయా చూడండి. మన పిల్లల్లో చాలామందికి బడిలో ఒక పేరు, బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరు ఇంకొకటి. ఆధార్‌లో మేరీ, మెమోలో మరియమ్మ అని ఉంటే పరిశీలన రోజున కన్నీళ్లే. పదవ తరగతి మెమోలో ఉన్నదే అసలు పేరు అనుకొని మిగిలినవి దానికి సరిచేయించండి.

5. కుల ధృవపత్రం: మన సంఘాల వారికి ఒక మాట

ఈ సంగతి చాలా ఇళ్లలో నొప్పి కలిగించేది. అయినా రాయక తప్పదు.

1950 నాటి రాజ్యాంగ ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారిని మాత్రమే షెడ్యూల్డు కులాలవారిగా లెక్కిస్తారు. షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారు మన రెండు రాష్ట్రాలలో బి.సి.–సి కిందికి వస్తారు. ఆ వర్గానికి రిజర్వేషను 1 శాతం. షెడ్యూల్డు తెగలవారికి ఈ నియమం లేదు. వారు క్రైస్తవులైనా ఎస్.టి.లే.

ఇది న్యాయమా అని మీరు అడుగుతారు. ఆ ప్రశ్న అడుగుతున్నవారు చాలామంది ఉన్నారు. దళిత క్రైస్తవులను ఎస్.సి.లుగా గుర్తించాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం కూడా చేసింది. అయితే చట్టం మారాలని అడగడం వేరు, దరఖాస్తు మీద సంతకం చేయడం వేరు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒకరి కేసులో తీర్పు చెబుతూ, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ ఉద్యోగం కోసం మాత్రం హిందువునని ఎస్.సి. పత్రం కోరడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అన్నది. తప్పు పత్రంతో వచ్చిన ఉద్యోగం పదేళ్ల తర్వాత కూడా పోవచ్చు. ప్రతి ఉత్తరానికీ గుండె దడ పెంచుకుంటూ బ్రతకవద్దు. మీకు నిజంగా వర్తించే పత్రమేదో తహశీల్దారు కార్యాలయంలో తెలుసుకొని అదే జత చేయండి.

6. దరఖాస్తు నింపే రోజు

– నోటిఫికేషన్ మొత్తం రెండుసార్లు చదవండి. వయసు ఏ తేదీకి లెక్కిస్తారో, ఫీజు ఎంతో, డి.డి. ఎవరి పేరున తీయాలో అందులోనే ఉంటుంది. నిరుటి నోటిఫికేషన్ చూసి నింపవద్దు.
– రెండు రకాల పోస్టులకు వేస్తే చాలాచోట్ల రెండు వేర్వేరు దరఖాస్తులు, రెండు ఫీజులు.
– గెజిటెడ్ అధికారి అటెస్టేషన్ అడిగితే అదే చేయించండి. స్వయంగా చేసుకోవచ్చంటే ప్రతి జిరాక్సు మీద మీ సంతకం పెట్టండి.
– ఒరిజినల్ సర్టిఫికెట్లు దరఖాస్తుతో ఇవ్వవద్దు. పరిశీలనకు చూపించి తిరిగి తీసుకోండి.
– ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆగవద్దు. ఆఫీసులో ఇస్తే రసీదు అడిగి తీసుకోండి. ఆన్‌లైన్ అయితే ప్రింటు తీసి ఫైలులో పెట్టండి.
– నెట్ సెంటరు అబ్బాయి చేత నింపించినా, చివరి బటన్ నొక్కేముందు ప్రతి గడీ మీరే చదవండి. కులం గడిలో, లోకల్ జిల్లా గడిలో ఒక్క తప్పు చాలు.

7. జాబితా వచ్చిన తర్వాత

ముందుగా తాత్కాలిక మెరిట్ జాబితా పెడతారు. అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువు. ఆ రోజుల్లో మీ పేరు ఎదురుగా ఉన్న ప్రతి అంకె చూడండి. మార్కుల శాతం, పాసైన సంవత్సరం, సేవా మార్కులు, కులం, లోకల్. పైన చెప్పిన లెక్క మీరే కాగితం మీద వేసుకొని పోల్చండి. తేడా ఉంటే ఆధారం జతచేసి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. "పెద్దవాళ్లు లెక్కేశారు, తప్పుంటుందా" అని ఊరుకోవద్దు. వందల దరఖాస్తులు చూసేవారు కూడా మనుషులే.

తుది జాబితా తర్వాత కూడా అనుమానముంటే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా కార్యాలయంలో 10 రూపాయల ఫీజుతో అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ మార్కులు ఎలా వేశారో అడగవచ్చు.

8. డబ్బు అడిగేవారు

ఇప్పుడు ఆలోచించండి. మార్కులు మెమోలో ఉన్నాయి. సంవత్సరాలు క్యాలెండరులో ఉన్నాయి. సేవ ధృవపత్రంలో ఉంది. జాబితా అందరికీ కనబడేలా పెడతారు. ఇందులో దళారి మార్చగలిగింది ఏముంది? అతని వ్యాపారం చాలా తేలిక. పదిమంది దగ్గర తీసుకుంటాడు. వారిలో ఇద్దరికి తమ మార్కులతోనే పోస్టు వస్తుంది. "నేనే వేయించాను" అంటాడు. మిగిలిన ఎనిమిది మందికి "ఈసారి పోటీ ఎక్కువ" అంటాడు.

అతను సంఘంలో ముందు వరుసలో కూర్చునే మనిషైనా సరే, మీ బంధువైనా సరే, ఇవ్వవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అసలే ఇవ్వవద్దు. ఇప్పటికే ఇచ్చి ఉంటే సిగ్గుపడి దాచుకోకుండా పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయండి.

ముగింపు

ఆ తల్లి ఇప్పటికీ మా దగ్గరే బి.పి. మందులు తీసుకుంటుంది. అమ్మాయి ఆ సంవత్సరమే రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకుంది. తర్వాతి నోటిఫికేషన్‌కు ఫైలు పట్టుకొని మా డ్యూటీ రూముకు వచ్చింది. ఇద్దరం బల్ల మీద పరిచి ఒక్కొక్క కాగితం చూశాం. ఎవరికీ రూపాయి ఇవ్వలేదు. ఇప్పుడు ఒక పి.హెచ్.సి.లో కఫం పరీక్షలు చేస్తోంది. అమ్మిన గేదెలు మాత్రం తిరిగి రాలేదు.

ఉద్యోగం వచ్చినవారికి చివరిగా ఒక మాట. ఆ బల్ల దగ్గరికి వచ్చేది ప్రైవేటు ల్యాబుకు వెళ్లలేని వారే. మీరు రాని రోజున వారి పరీక్ష ఆగిపోతుంది. నిజాయితీగా సంపాదించిన కుర్చీలో నిజాయితీగా కూర్చోండి. దేవుడు మిమ్మును దీవించును గాక.

మీకు మీరే ప్రశ్నించుకోండి

1. నా రిజిస్ట్రేషన్ గడువు ఏ తేదీతో ముగుస్తుంది?
2. అన్ని సంవత్సరాల మెమోలు, 1 నుండి 10 వరకు స్టడీ సర్టిఫికెట్లు ఇంట్లో ఉన్నాయా?
3. అన్ని కాగితాలలో నా పేరు ఒకేలా ఉందా?
4. పైన చెప్పిన లెక్క ప్రకారం నాకు 100కి ఎన్ని వస్తాయి?
5. రేపు నోటిఫికేషన్ పడితే, ఎల్లుండి దరఖాస్తు ఇవ్వగలనా?

అయిదవ ప్రశ్నకు "అవును" అని చెప్పగలిగితే ఈ పాఠం మీకు వచ్చినట్లే.